ఆర్కాట్ లక్ష్మణస్వామి ముదలియార్

సర్ ఆర్కాట్ లక్ష్మణస్వామి ముదలియార్ (అక్టోబరు 14, 1887 - ఏప్రిల్ 15, 1974) సుప్రసిద్ధ ప్రసూతి వైద్య నిపుణుడు, విద్యావేత్త. కర్నూలులో జన్మించిన ఈయన మద్రాసు విశ్వవిద్యాలయానికి 27 సంవత్సరాల పాటు ఉపకులపతిగా పనిచేశాడు. వైద్య విద్యార్థులకు ఈయన ప్రసూతి శాస్త్ర గ్రంథకర్తగానూ, బి.ఎడ్. విద్యార్థులకు 1952-53 నాటి మాధ్యమిక విద్యా కమిషన్ అధ్యక్షుడిగానూ పరిచితుడు. అయితే ప్రజాధనంతో నడిచే వైద్య వ్యవస్థ మన దేశంలో ఎందుకు ఆరంభమైనది, ఎక్కడ తడబడినది అన్న చరిత్రలో ఈయనకు ఉన్న స్థానం అంతగా ప్రచారం పొందలేదు. డబ్బు లేదన్న కారణంతో ఎవరికీ వైద్యం నిరాకరింపబడరాదని 1946లో నివేదించిన భోర్ కమిటీలో ఈయన సభ్యుడు. పదిహేనేళ్ళ తరువాత ఆ ఆశయం ఎంతవరకు నెరవేరిందో పరిశీలించిన కమిటీకి ఈయనే అధ్యక్షుడు. ప్రతిపాదించిన వారే తరువాత పరీక్షకులు కావడం ప్రభుత్వ కమిటీల చరిత్రలో తరచుగా కనిపించే విషయం కాదు.

బాల్యం, విద్య

లక్ష్మణస్వామి 1887 అక్టోబరు 14న కర్నూలులో కవల సోదరులలో ఒకడిగా జన్మించాడు. అన్న రామస్వామి ముదలియార్ ఇతనికంటె గంట లోపు మాత్రమే పెద్దవాడు. సోదరులిద్దరి చదువు కర్నూలు మునిసిపల్ ఉన్నత పాఠశాలలో సాగింది. 1903లో ఇద్దరూ మద్రాసు చేరి క్రైస్తవ కళాశాలలో విద్యాభ్యాసం కొనసాగించారు. ఆపై దారులు వేరయ్యాయి. రామస్వామి న్యాయశాస్త్రం చదివి, జస్టిస్ పార్టీ నాయకుడై, అనంతర కాలంలో మైసూరు దివానుగా పనిచేశాడు. ఐక్యరాజ్య సమితి ఆర్థిక, సామాజిక మండలికి మొదటి అధ్యక్షుడు కూడా ఆయనే. లక్ష్మణస్వామి మద్రాసు వైద్య కళాశాలలో చేరి వైద్యుడయ్యాడు. అన్నదమ్ములిద్దరికీ సర్ బిరుదు ఉండడం వలన, ఇంటిపేరు, పొడి అక్షరాలు దగ్గరగా ఉండడం వలన పాత పత్రికలలో ఒకరి వివరాలు మరొకరికి ఆపాదించిన సందర్భాలు కనిపిస్తాయి. విద్య, వైద్య కమిటీలకు సంబంధించిన ముదలియార్ లక్ష్మణస్వామి అని గుర్తుంచుకుంటే ఈ పొరపాటు జరగదు.

వైద్య వృత్తి

లక్ష్మణస్వామి ప్రసూతి, స్త్రీ వ్యాధుల విభాగాన్ని ఎంచుకున్నాడు. ఆ రోజులలో ఆ విభాగంలో ఉన్నత పదవులు ఎక్కువగా ఇండియన్ మెడికల్ సర్వీసుకు చెందిన ఆంగ్లేయ అధికారుల చేతిలో ఉండేవి. 1844లో స్థాపితమైన ఎగ్మూరు ప్రభుత్వ ప్రసూతి ఆసుపత్రిలో ఈయన చిరకాలం పనిచేసి, దానికి సూపరింటెండెంట్ అయ్యాడు. 1939లో మద్రాసు వైద్య కళాశాలకు ప్రిన్సిపాలుగా నియమితుడయ్యాడు. 1835లో ఆరంభమైన ఆ కళాశాలకు ప్రిన్సిపాలు అయిన మొదటి భారతీయుడు ఈయనే.

ఎగ్మూరు ఆసుపత్రికి వచ్చే స్త్రీలలో అధికులు బీదవారు. కాన్పు కష్టమై, ఇంటి వద్ద మంత్రసాని చేతులెత్తేసిన తరువాత బండి మీద తీసుకురాబడేవారు కొందరు. అప్పటికి ప్రాణం మీదికి వచ్చి ఉండేది. మద్రాసు నగరంలో ప్రసూతి మరణాలకు కారణాలేమిటో తెలుసుకొనేందుకు 1930ల తొలి సంవత్సరాలలో ఈయన ఒక పరిశోధన నిర్వహించాడు. గర్భిణిగా ఉన్నప్పుడే పరీక్షించి, రక్తహీనత వంటి లోపాలను సరిదిద్దడం, శిక్షణ పొందిన మంత్రసానులను అందుబాటులో ఉంచడం ప్రసూతి వైద్యంలో ఎంత ముఖ్యమో ఈ రంగంలో పనిచేసిన వారందరికీ తెలిసినదే. ఇవేవీ ఖరీదైన చికిత్సలు కావు. కాని పెద్ద ఆసుపత్రిలో కూర్చుని చేయగలిగే పనులు కూడా కావు, ఊరిలోనే జరగవలసినవి. నివారణనూ చికిత్సనూ విడదీయరాదని భోర్ కమిటీ తరువాత చేసిన ప్రతిపాదనను అర్థం చేసుకొనడానికి ప్రసూతి వైద్యం కంటే మంచి ఉదాహరణ దొరకదు.

ఈయన రచించిన క్లినికల్ ఆబ్‌స్టెట్రిక్స్ అనే గ్రంథం 1938లో వెలువడింది. తరువాతి ముద్రణలు ఎం. కృష్ణ మీనన్‌తో కలిసి రాసినవి. ముదలియార్, మీనన్ పుస్తకంగా అది దక్షిణ భారత వైద్య కళాశాలలలో పలు తరాల విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది. ఈయన మరణానంతరం కూడా ఇతర వైద్యుల సంపాదకత్వంలో కొత్త ముద్రణలు వస్తూనే ఉన్నాయి.

భోర్ కమిటీ

రెండవ ప్రపంచ యుద్ధం జరుగుతుండగా, 1943 అక్టోబరులో, భారత ప్రభుత్వం సర్ జోసెఫ్ భోర్ అధ్యక్షతన ఆరోగ్య పరిశీలన, అభివృద్ధి కమిటీని నియమించింది. అప్పటికే మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్న లక్ష్మణస్వామిని సభ్యుడిగా తీసుకున్నారు. బ్రిటన్‌లో 1942లో వెలువడిన బెవరిడ్జ్ నివేదిక, సోవియట్ యూనియన్‌లోని ప్రభుత్వ వైద్య విధానం కమిటీ ఆలోచనలపై ప్రభావం చూపాయి. వైద్య చరిత్రకారుడు హెన్రీ సిగరిస్ట్ వంటి విదేశీ నిపుణులు వచ్చి సలహాలిచ్చారు. నాలుగు సంపుటాల నివేదిక 1946లో వెలువడింది.

ఆ నివేదికలో చిత్రించిన నాటి దేశ ఆరోగ్యం దయనీయమైనది. సగటు ఆయుర్దాయం సుమారు 27 సంవత్సరాలు. పుట్టిన ప్రతి 1,000 మంది శిశువులలో 162 మంది ఏడాది నిండకుండానే మరణించేవారు. ఏటా దాదాపు 2 లక్షల మంది స్త్రీలు కాన్పు సంబంధిత కారణాలతో చనిపోతున్నారని అంచనా. దేశం మొత్తం మీద డాక్టర్లు సుమారు 47,500 మంది, అంటే 6,300 మందికి ఒకరు. నర్సు 43,000 మందికి ఒకరు. ఆసుపత్రి పడకలు వెయ్యిమందికి పావు వంతు కూడా లేవు (0.24). డాక్టర్లలో అత్యధికులు పట్టణాలలోనే ఉండేవారు.

కమిటీ ముందు నిలిచిన ప్రధాన ప్రశ్న, ఇంత బీద దేశంలో వైద్యానికి డబ్బు ఎవరు కట్టాలన్నది. రోగి ఇచ్చే రుసుముతో ఆసుపత్రులు నడపడం ఒక పద్ధతి. కార్మికుల వద్ద చందాలు వసూలు చేసి బీమా నడపడం మరొకటి. జనాభాలో అత్యధిక భాగానికి క్రమమైన జీతమే లేనప్పుడు బీమా చందా ఎక్కడి నుండి వస్తుందన్నది అప్పటి పరిస్థితి. వైద్య సేవ అందరికీ ఉచితంగా ఉండాలనీ, కలిగినవారు తమ వంతును పన్నుల రూపంలో చెల్లించాలనీ కమిటీ నిర్ణయానికి వచ్చింది. ఆసుపత్రి గుమ్మం వద్ద ఎవరు బీదలో ఎవరు కారో తేల్చే పని పెట్టుకోరాదన్నది దీనిలోని అంతరార్థం.

అమలుకు రెండు ప్రణాళికలు సూచించారు. మొదటిది స్వల్పకాలికం. 40,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, దానిలో ఇద్దరు డాక్టర్లు, నలుగురు ప్రజారోగ్య నర్సులు, నలుగురు మంత్రసానులు, నలుగురు శిక్షణ పొందిన దాయీలు, ఇద్దరు పారిశుద్ధ్య ఇన్‌స్పెక్టర్లు, ఒక నర్సు, ఒక ఫార్మసిస్టు, మరికొందరు సిబ్బంది. రెండవది 30, 40 సంవత్సరాలలో సాధించవలసిన దీర్ఘకాలిక ప్రణాళిక. దాని ప్రకారం 10,000 నుండి 20,000 జనాభాకు 75 పడకల ఆసుపత్రి, వాటిపైన 650 పడకల ద్వితీయ శ్రేణి ఆసుపత్రులు, 30 లక్షల జనాభా గల జిల్లాకు 2,500 పడకల కేంద్ర ఆసుపత్రి ఉండాలి. డాక్టర్లలో నూటికి 60 మందికి పైగా ఎల్.ఎం.పి. వంటి లైసెన్షియేట్లు కాగా, ఆ కోర్సును రద్దుచేసి ఎం.బి.బి.ఎస్. ఒక్కటే ఉంచాలని కమిటీ సూచించింది. దీనిపై సభ్యులలో ఏకాభిప్రాయం లేదు. ఎల్.ఎం.పి. డాక్టర్లు చిన్న ఊళ్ళలో ప్రాక్టీసు పెట్టుకొనేవారు. వారి స్థానంలో వచ్చిన పట్టభద్రులు ఆ ఊళ్ళకు వెళ్ళకపోవడం తరువాతి కాలంలో పెద్ద సమస్య అయింది.

ఒక తాలూకా దృష్టితో చూస్తే

ఈ అంకెలను ఒక ఊరికి అన్వయించి చూస్తే కమిటీ ఉద్దేశం సులభంగా బోధపడుతుంది. తిరువూరునే తీసుకుందాం. నేడు ఎన్టీఆర్ జిల్లాలో ఉన్న ఈ పట్టణం 2022 ఏప్రిల్ వరకు కృష్ణా జిల్లాలోనిది. భోర్ నివేదిక నాటికి మద్రాసు రాష్ట్రంలో నిజాం సంస్థానపు సరిహద్దుకు ఆనుకుని ఉండేది. విజయవాడ ఇక్కడికి సుమారు 75 కిలోమీటర్లు. అప్పటి జిల్లా కేంద్రమైన మచిలీపట్నం వెళ్ళాలంటే విజయవాడ చేరి, అక్కడి నుండి మరో 70 కిలోమీటర్లు ప్రయాణించాలి. తెలుగు జిల్లాలలో వైద్య కళాశాల విశాఖపట్నంలో (1923) ఒకటే ఉండేది. గుంటూరు వైద్య కళాశాల 1946లోనే మొదలైంది.

భోర్ కమిటీ స్వల్పకాలిక ప్రణాళిక యథాతథంగా అమలై ఉంటే ఇటువంటి తాలూకాలో ప్రతి 40,000 మందికి ఇద్దరు డాక్టర్లుండేవారు. పల్లెలోని గర్భిణి ఇంటికి ప్రజారోగ్య నర్సు స్వయంగా వచ్చేది. దీర్ఘకాలిక ప్రణాళిక అమలై ఉంటే తాలూకాలో 75 పడకల ఆసుపత్రులు ఒకటికి మించి ఉండేవి, కష్టమైన కాన్పుకు విజయవాడ దారి పట్టవలసిన అవసరం చాలా అరుదయ్యేది. వాస్తవంలో ఆంధ్రదేశపు పల్లెలలో ఆ ఖాళీని చాలావరకు నింపినది ఆర్.ఎం.పి. వైద్యులుగా పిలువబడే, వైద్య పట్టా లేని ప్రాక్టీషనర్లు. వారికి ఫీజు రోగే చెల్లించాలి. అంటే ప్రభుత్వం ఖర్చు చేయనంత మాత్రాన వైద్యపు ఖర్చు ఆగిపోలేదు, అది ప్రజల జేబులకు మారింది. ప్రభుత్వ వైద్యాన్ని దేశం భరించగలదా అనే చర్చలలో తరచు మరుగున పడే అంశమిది.

బ్రిటన్ అనుభవం

భారతదేశంలో నివేదిక అటకెక్కుతున్న రోజులలోనే బ్రిటన్‌లో 1948 జులై 5న జాతీయ ఆరోగ్య సేవ ఆరంభమైంది. మొదటి సంవత్సరంలోనే ఖర్చు అంచనాలను మించిపోవడంతో ఈ వ్యవస్థ నిలబడదన్న విమర్శలు చెలరేగాయి. 1951లో కట్టుడు పళ్ళకు, కళ్ళజోళ్ళకు రుసుము పెట్టాలని నిర్ణయించగా దాని నిర్మాత అన్యూరిన్ బెవాన్ మంత్రిపదవికి రాజీనామా చేశాడు. 1952లో మందుల చీటీలకు కూడా రుసుము వచ్చింది. ఖర్చుల సంగతి తేల్చమని ప్రభుత్వం నియమించిన గిల్‌బో కమిటీ 1956లో నివేదిక ఇస్తూ, జాతీయోత్పత్తిలో ఆరోగ్య సేవ వాటా పెరగలేదని, 1949-50లో 3.75 శాతం ఉన్నది 1953-54 నాటికి 3.25 శాతానికి తగ్గిందని లెక్కతేల్చింది. రూపాయలలో చూస్తే భయపెట్టే ఖర్చు దేశ సంపదలో వాటాగా చూస్తే వేరుగా కనిపిస్తుందనడానికి ఇది మంచి ఉదాహరణ. 1960ల నాటికి ఆ వ్యవస్థలోని జూనియర్ డాక్టర్లలో చాలామంది భారత ఉపఖండం నుండి వెళ్ళినవారే. మన ప్రజాధనంతో చదివినవారు అక్కడి ప్రజావైద్యాన్ని నిలబెట్టారన్నమాట.

ప్రపంచ ఆరోగ్య సంస్థలో

1946లో రామస్వామి అధ్యక్షతన ఉన్న ఆర్థిక, సామాజిక మండలి అంతర్జాతీయ ఆరోగ్య సమావేశాన్ని పిలిచింది. ఆ సమావేశం నుండే ప్రపంచ ఆరోగ్య సంస్థ పుట్టింది. 1948లో జెనీవాలో జరిగిన మొదటి ప్రపంచ ఆరోగ్య సభకు లక్ష్మణస్వామి భారత ప్రతినిధివర్గ ఉపనాయకుడిగా వెళ్ళాడు. 1949, 1950లలో ఆ సంస్థ కార్యనిర్వాహక మండలికి అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. 1955లో ఎనిమిదవ సభకు ఉపాధ్యక్షుడు, 1961 ఫిబ్రవరిలో న్యూఢిల్లీలో జరిగిన పదునాలుగవ సభకు అధ్యక్షుడు అయ్యాడు. 1954 నుండి 1956 వరకు యునెస్కో కార్యనిర్వాహక మండలికి కూడా అధ్యక్షత వహించాడు. అన్న పిలిచిన సమావేశం వలన ఏర్పడిన సంస్థకు తమ్ముడు నాయకత్వం వహించడం కాకతాళీయమే అయినా, కర్నూలు వాసులు చెప్పుకోదగిన విషయం.

ముదలియార్ కమిటీ (1959-61)

స్వాతంత్ర్యం వచ్చాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల స్థాపన 1952లో సమాజాభివృద్ధి పథకంలో భాగంగా మొదలైంది. అయితే 40,000 జనాభాకు కాక, ఒక్కొక్క బ్లాకుకు ఒకటి చొప్పున వాటిని పెట్టారు. ఒక బ్లాకులో 60,000 నుండి లక్ష వరకు జనాభా ఉండేది. సిబ్బందిని కూడా భోర్ కమిటీ కోరినంత ఇవ్వలేదు. కేంద్రాల సంఖ్య పెంచుతూ పోయినా, ప్రణాళిక వ్యయంలో ఆరోగ్యం వాటా మొదటి ప్రణాళికలో 3.3 శాతం, రెండవ దానిలో 3.0 శాతం, మూడవ దానిలో 2.6 శాతంగా క్షీణిస్తూ వచ్చింది.

ఈ నేపథ్యంలో 1959లో కేంద్ర ప్రభుత్వం ఆరోగ్య పరిశీలన, ప్రణాళిక కమిటీని నియమించి, దానికి లక్ష్మణస్వామిని అధ్యక్షుడిని చేసింది. భోర్ నివేదిక తరువాత జరిగిన ప్రగతిని సమీక్షించి, మూడవ ప్రణాళికకూ ఆపైకాలానికీ సూచనలివ్వడం దీని పని. 1961లో నివేదిక సమర్పించబడింది. అప్పటికి ఈయన వయస్సు 74 సంవత్సరాలు.

నివేదిక నిర్మొహమాటంగా ఉంది. దేశంలో కనీసం సగం జనాభాకు మౌలిక వైద్య సదుపాయాలు చేరలేదని ఒప్పుకుంది. 1961 చివరికి దేశంలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు సుమారు 2,800. వాటిలో చాలావాటికి పూర్తి సిబ్బంది లేరు. డాక్టరు లేక నర్సులో, సహాయక నర్సు-మంత్రసానులో నడుపుతున్నవి అనేకం. ప్రభుత్వ ఖర్చుతో చదువుకున్న డాక్టర్లు ప్రైవేటు ప్రాక్టీసుకు తరలిపోతున్నారు. జిల్లా, సబ్ డివిజన్ ఆసుపత్రుల స్థితి కూడా అంతే. పడకలూ పరికరాలూ ఎక్కువగా నగరాలలోనే పోగుపడ్డాయి.

దీనికి కమిటీ సూచించిన మార్గం ఆ నాటి రాజకీయ నాయకులకు రుచించేది కాదు. కొత్త కేంద్రాలు ప్రారంభించే వేగాన్ని తగ్గించి, ఉన్నవాటిని ముందుగా పటిష్ఠం చేయాలన్నది దాని సారాంశం. ఏ కేంద్రమూ 40,000 జనాభాకు మించి సేవ చేయరాదు. జిల్లా ఆసుపత్రులలో ప్రత్యేక వైద్య నిపుణులను నియమించి వాటిని బలపరచాలి. కేంద్రం లేని ప్రాంతాలకు సంచార వైద్యశాలలను పంపాలి. వైద్య, ఆరోగ్య శాఖలను కలిపివేయాలి. ఐ.ఎ.ఎస్. తరహాలో అఖిల భారత ఆరోగ్య సర్వీసును ఏర్పరచాలి. 50 లక్షల జనాభాకు ఒక వైద్య కళాశాల ఉండాలి.

కొత్త ఆసుపత్రికి శంకుస్థాపన చేస్తే శిలాఫలకం మీద పేరుంటుంది. పాత ఆసుపత్రిలో ఖాళీగా ఉన్న మంత్రసాని ఉద్యోగం భర్తీ చేస్తే ఉండదు. కమిటీ ప్రధాన సూచన కాగితాలకే పరిమితం కావడానికి ఇది కూడా ఒక కారణమై ఉంటుంది. అఖిల భారత ఆరోగ్య సర్వీసు కూడా ఏర్పడలేదు.

ఈ నివేదికపై విమర్శలు లేకపోలేదు. భోర్ కమిటీ గ్రామాన్ని కేంద్రంగా చేసుకోగా, ముదలియార్ కమిటీ జిల్లా ఆసుపత్రుల వైపు, నిపుణుల వైపు మొగ్గిందని కొందరు ప్రజారోగ్య పరిశోధకుల అభిప్రాయం. సగం జనాభాకు వైద్యమే అందనప్పుడు విస్తరణను ఆపమనడం, ఇంకా కేంద్రం రాని పల్లెలను మరికొంతకాలం వేచి ఉండమనడమే. ఆ పల్లెలవారి పక్షాన చూస్తే ఇది బలమైన ఆక్షేపణ. కాని డాక్టరూ మందులూ లేని కేంద్రం వలన ఆ పల్లెకు ఒరిగేది కూడా స్వల్పమే. పైగా అటువంటి కేంద్రాన్ని చూసిన ప్రజలు ప్రభుత్వ వైద్యమంటేనే నమ్మకం కోల్పోతారు. నమ్మకం పోయిన వ్యవస్థకు పన్ను డబ్బు ఎక్కువ కేటాయించమని అడిగేవారు ఉండరు. ఈ రెండు వాదాల మధ్య వైరుధ్యం నేటికీ తీరలేదు.

మలేరియా ఉదంతం

కమిటీ ఆందోళన సహేతుకమైనదేనని రుజువు కావడానికి ఎక్కువ కాలం పట్టలేదు. మొదటి రెండు ప్రణాళికలలో ఒక్కొక్క అంటువ్యాధికీ వేరు వేరు కార్యక్రమాలు నడిపారు. వాటిలో పెద్దది మలేరియా. 1953లో నియంత్రణ కార్యక్రమం, 1958లో నిర్మూలన కార్యక్రమం మొదలయ్యాయి. అంతకు ముందు ఏటా సుమారు 7.5 కోట్లుగా అంచనా వేసిన కేసులు 1965 నాటికి లక్షకు దిగివచ్చాయి. ఇది అపూర్వ విజయం. కాని డి.డి.టి. చల్లే దళం వెళ్ళిపోయాక జ్వరపీడితులను గుర్తించి, రక్తపరీక్ష చేసి, మందు ఇస్తూ ఉండవలసినది ఊరి దగ్గరి ఆరోగ్య కేంద్రమే. అనేక ప్రాంతాలలో ఆ కేంద్రం బలహీనంగా ఉంది, లేదా అసలు లేదు. దోమలు మందుకు లొంగకపోవడం, డి.డి.టి. కొరత కూడా తోడయ్యాయి. 1976లో కేసులు 64 లక్షలు దాటాయి. చవకగా ముగించామనుకున్న పనికి మళ్ళీ మొదటి నుండి ఖర్చు పెట్టవలసి వచ్చింది.

విద్యారంగం

1942 నుండి 1969 వరకు లక్ష్మణస్వామి మద్రాసు విశ్వవిద్యాలయ ఉపకులపతిగా ఉన్నాడు. భారతదేశంలో ఇంత సుదీర్ఘకాలం ఆ పదవిలో ఉన్నవారు అరుదు. శాస్త్ర, సాంకేతిక విభాగాల విస్తరణకు ఈ కాలంలో ప్రాధాన్యం లభించింది. మద్రాసు శాసనమండలి సభ్యుడిగా కూడా ఈయన సేవలందించాడు.

1952 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం నియమించిన మాధ్యమిక విద్యా కమిషన్‌కు ఈయన అధ్యక్షుడు. 1953లో ఇచ్చిన నివేదికలో బహుళార్థసాధక పాఠశాలలు, పరీక్షా విధాన సంస్కరణ మొదలైన సూచనలున్నాయి. ఉపాధ్యాయ శిక్షణలో ముదలియార్ కమిషన్ అంటే ఇదే. పోటీపరీక్షలకు చదివేవారు దీనిని 1959 నాటి ముదలియార్ కమిటీతో కలిపి గందరగోళపడుతుంటారు. ఇది విద్యకు, అది వైద్యానికి సంబంధించినది.

తరువాతి పరిణామాలు

ముదలియార్ కమిటీ తరువాత మరికొన్ని కమిటీలు వచ్చాయి. 1978లో ఆల్మా అటా ప్రకటన ప్రాథమిక ఆరోగ్యానికి అంతర్జాతీయ ప్రాముఖ్యం కల్పించింది. 1980ల నుండి మైదాన ప్రాంతంలో 30,000 జనాభాకు, గిరిజన, కొండ ప్రాంతాలలో 20,000 జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉండాలన్న ప్రమాణం అమలులోకి వచ్చింది. లెక్క ప్రకారం ఇది భోర్ కమిటీ స్వల్పకాలిక లక్ష్యం కంటే మెరుగు. సిబ్బంది విషయంలో ఆ మాట చెప్పలేము. ఆంధ్ర ప్రదేశ్‌లో 1986 నాటి చట్టం ద్వారా ఏర్పడిన వైద్య విధాన పరిషత్తుకు జిల్లా, ఏరియా ఆసుపత్రుల నిర్వహణ అప్పగించారు.

2007 ఏప్రిల్‌లో మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాలలో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం మరో దారి తొక్కింది. ఇందులో ప్రభుత్వం ఆసుపత్రి కట్టదు. బీద కుటుంబాల శస్త్రచికిత్సలకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులకు డబ్బు చెల్లిస్తుంది. గుండె ఆపరేషన్ కోసం పొలం అమ్ముకోవలసిన స్థితిలో ఉన్న కుటుంబాలకు ఇది గొప్ప ఊరట. 2014 తరువాత ఆంధ్ర ప్రదేశ్‌లో దీని పేరు ఎన్టీఆర్ వైద్య సేవగా, 2019 తరువాత వైఎస్సార్ ఆరోగ్యశ్రీగా, 2024లో తిరిగి ఎన్టీఆర్ వైద్య సేవగా మారింది. పేరు మారినా ఏ ప్రభుత్వమూ దీనిని రద్దు చేయలేదు. తిరువూరు నుండి విజయవాడకు ఆపరేషన్ కోసం వెళ్ళే రోగికి ఈ పథకం ఖర్చు భరిస్తుంది. కాని ఆ రోగి రక్తపోటును పదేళ్ళ ముందు ఊళ్ళోనే గుర్తించి ఉంటే ఆపరేషన్ అవసరమయ్యేదా అన్నది ముదలియార్ తరం వైద్యులు అడిగే ప్రశ్న. చివరి దశ చికిత్సకు చెల్లించే విధానంలో బిల్లు ఏటేటా పెరగడం సహజం. బకాయిలు పేరుకుపోయాయంటూ ప్రైవేటు ఆసుపత్రులు ఈ పథకం కింద సేవలను ఆపిన సందర్భాలు 2024, 2025 సంవత్సరాలలో కూడా ఉన్నాయి.

జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలోని మొత్తం వైద్య వ్యయంలో ప్రజలు నేరుగా జేబు నుండి చెల్లించినది 2013-14లో 64.2 శాతం కాగా, 2021-22లో 39.4 శాతానికి తగ్గింది. అదే సంవత్సరంలో ప్రభుత్వాల ఆరోగ్య వ్యయం స్థూల దేశీయోత్పత్తిలో 1.84 శాతం. 2017 నాటి జాతీయ ఆరోగ్య విధానం 2025 నాటికి దీనిని 2.5 శాతానికి పెంచాలని లక్ష్యం పెట్టుకుంది. 1949-50లో, యుద్ధంతో చితికిపోయి, నిత్యావసరాలకు ఇంకా రేషన్ నడుస్తున్న బ్రిటన్ తన ఆరోగ్య సేవకు వెచ్చించిన వాటాలో ఇది మూడింట రెండు వంతులు.

గౌరవాలు, మరణం

1945లో బ్రిటిష్ ప్రభుత్వం లక్ష్మణస్వామికి సర్ బిరుదు ప్రదానం చేసింది. భారత ప్రభుత్వం 1954లో పద్మభూషణ్, 1963లో పద్మవిభూషణ్ పురస్కారాలతో సత్కరించింది. రామస్వామికి కూడా 1954లోనే పద్మభూషణ్, 1970లో పద్మవిభూషణ్ లభించాయి. దేశంలోని రెండవ అత్యున్నత పౌర పురస్కారం కవల సోదరులిద్దరికీ దక్కడం విశేషం.

లక్ష్మణస్వామి 1974 ఏప్రిల్ 15న మద్రాసులో మరణించాడు. రామస్వామి 1976 జులైలో చనిపోయాడు. మద్రాసు విశ్వవిద్యాలయపు తరమణి ప్రాంగణంలోని స్నాతకోత్తర మౌలిక వైద్య శాస్త్రాల సంస్థకు లక్ష్మణస్వామి పేరు పెట్టారు. ఈయన జన్మించిన కర్నూలులో వైద్య కళాశాల 1957లో స్థాపితమైంది. రాయలసీమ జిల్లాలతో పాటు తుంగభద్రకు ఆవల ఉన్న తెలంగాణ ప్రాంతం నుండి కూడా రోగులు దాని బోధనాసుపత్రికి వస్తుంటారు.